ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ వేగం సరిచేయడం: 10 మీటర్ల గురికి పూర్తి మార్గదర్శి

"వేగం ఎంత పెడితే గురి బాగుంటుంది?" ఎయిర్ రైఫిల్ షూటింగ్‌లో కొంత సాధన చేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముందు జవాబు చెప్పేస్తాను. 10 మీటర్ల మ్యాచ్ రైఫిల్, 4.5 మి.మీ. క్యాలిబర్, 0.53 గ్రాముల చదును తల పెల్లెట్ అయితే సెకనుకు 165 నుంచి 175 మీటర్ల వేగం సరిపోతుంది. అడుగుల లెక్కలో సెకనుకు సుమారు 540 నుంచి 575.

ఆ పరిధిలో మీ రైఫిల్ ఏ అంకె దగ్గర బాగా కొడుతుందో కనిపెట్టడమే అసలు పని. అయితే వేగం స్క్రూను అన్నిటికంటే చివర ముట్టుకోవాలి. పెల్లెట్, సీళ్లు, బిగింపులు, కొలిచే పద్ధతి కుదరకముందే వేగం మారిస్తే, ఏ మార్పు దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు. కింది దశల వరుస అందుకోసమే. దయచేసి వరుస మార్చకండి.

ఇందులో ఎక్కువ భాగం రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని ప్రతి షాట్‌కూ ఒకే ప్రెషర్‌కు తగ్గించి ఇచ్చే భాగం) ఉన్న కంప్రెస్డ్ ఎయిర్ రైఫిల్ గురించి. మిగతా రకాల వాళ్ల కోసం చివర్లో కొంత చెప్పాను.

## 1. ముందు ఒక చిన్న లెక్క

170 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి సుమారు 0.06 సెకన్లు పడుతుంది. ఆ కాస్త సమయంలో భూమ్యాకర్షణ దాన్ని దాదాపు 18 మి.మీ. కిందికి లాగుతుంది. సైట్లు (గురి చూసే భాగాలు) సరిచేసినప్పుడు ఈ దిగుదల అందులో కలిసిపోతుంది కాబట్టి మనకు కనిపించదు.

వేగం సెకనుకు ఒక మీటరు తగ్గితే పెల్లెట్ ఇంకో 0.2 మి.మీ. కింద పడుతుంది. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. దశాంశ స్కోరులో ఒక్కో మెట్టు 0.25 మి.మీ. అంటే ఒక మీటరు తేడా వల్ల పోయేది ఒక దశాంశం కంటే తక్కువే.

దీన్నుంచి రెండు విషయాలు తేలతాయి.

మొదటిది: మీ షాట్ల మధ్య వేగం తేడా 2 మీటర్లే ఉండి, గ్రూపు (ఒకే గురికి కొట్టిన షాట్ల రంధ్రాల గుంపు) మాత్రం నిలువుగా 3 మి.మీ. సాగుతుంటే తప్పు వేగానిది కాదు. వేగం వల్ల రావాల్సింది 0.4 మి.మీ. మాత్రమే. మిగతాదానికి కారణం ఇంకెక్కడో వెతకాలి.

రెండోది: షాట్‌కూ షాట్‌కూ వేగంలో వచ్చే చిన్న తేడా దిగుదలను మార్చి రంధ్రాన్ని పైకో కిందికో జరుపుతుంది, పక్కకు జరపదు. గ్రూపు అడ్డంగా సాగుతుంటే రైఫిల్ ఆనిన తీరు, వదులైన సైటు, పెల్లెట్, బ్యారెల్ చూసుకోండి.

మరి వేగం మార్చడం ఎందుకు? షాట్ పేలినప్పుడు బ్యారెల్ సన్నగా కంపిస్తుంది. పెల్లెట్ బయటికి వచ్చే క్షణానికి బ్యారెల్ మూతి ఆ కంపనంలో ఏ దశలో ఉందన్నది వేగాన్ని బట్టి మారుతుంది. అందుకే కొన్ని వేగాల దగ్గర గ్రూపులు చిక్కబడతాయి, కొన్నిచోట్ల విచ్చుకుంటాయి. పెల్లెట్ బ్యారెల్ గాడుల్లో కూర్చునే తీరు కూడా గాలి తోపును బట్టి కొంత మారుతుంది. ఈ లాభం నిజమే, కానీ చిన్నది. మంచి పెల్లెట్ దొరికితే వచ్చే లాభం దీనికంటే చాలా పెద్దది.

దూరం పెరిగితే ఈ లెక్క మారిపోతుంది. అదే వేగంతో దూరం రెట్టింపైతే వేగం తేడా ప్రభావం నాలుగు రెట్లు అవుతుంది. గాలి నిరోధం వల్ల ఇంకాస్త ఎక్కువే. 25 మీటర్ల దగ్గర ఒక మీటరు తేడాకు 1.3 మి.మీ. పైనే పోతుంది. దూరపు గురి కొట్టేవాళ్లకు షాట్‌కూ షాట్‌కూ వేగం నిలకడగా ఉండటం 10 మీటర్ల వాళ్లకంటే ఎంతో ముఖ్యం.

## 2. స్క్రూ ముట్టే ముందు: భద్రత, నిబంధనలు

ఈ భాగం దాటేసి ముందుకు వెళ్లకండి.

ఎయిర్ రైఫిల్ శక్తికి చాలా దేశాల్లో చట్టపరమైన పరిమితి ఉంటుంది. ఉదాహరణకు జర్మనీలో లైసెన్స్ లేకుండా అమ్మే రైఫిళ్లకు 7.5 జౌళ్ల హద్దు ఉంది. 0.53 గ్రాముల పెల్లెట్‌తో ఆ హద్దు సెకనుకు 168 మీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. మీరు ఉన్నచోటి పరిమితి ఎంతో ముందే తెలుసుకోండి. ఆ గీత దాటే మార్పు ఏదీ చేయకూడదు. గురికి అంత వేగం అవసరం కూడా లేదు.

శక్తి లెక్క సులువు. పెల్లెట్ బరువును కిలోల్లోకి మార్చి, వేగం వర్గంతో గుణించి, సగం చేయాలి. 0.53 గ్రాములు, 170 మీటర్లు అయితే 7.66 జౌళ్లు. 175 మీటర్లు అయితే 8.1 జౌళ్లు.

భద్రత చెక్‌లిస్టు:

- రైఫిల్‌లో పెల్లెట్ లేదని కంటితో చూసి నిర్ధారించుకోండి. పని చేస్తున్నంతసేపూ మూతి సురక్షితమైన వైపే ఉండాలి.
- స్క్రూ తిప్పేటప్పుడు రైఫిల్ కాక్ చేసి (షాట్‌కు సిద్ధంగా ఎక్కించి) ఉండకూడదు. తయారీదారు మాన్యువల్ వేరేలా చెబితే దాన్నే పాటించండి.
- ఏ భాగమైనా విప్పాలంటే ముందు సిలిండర్ తీసేసి, లోపల మిగిలిన గాలి పూర్తిగా వదిలేయాలి.
- సిలిండర్‌లో శుభ్రమైన, పొడి గాలి తప్ప ఇంకేదీ నింపకూడదు. ఆక్సిజన్ నింపితే పేలుడు ప్రమాదం ఉంది.
- అధిక పీడనం ఉండే భాగాలకు మామూలు నూనె, గ్రీజు రాయకూడదు. ఒత్తిడికి వేడెక్కిన గాలిలో అది అంటుకోగలదు.
- సిలిండర్ మీద ముద్రించిన గడువు చూడండి. గడువు దాటినదాన్ని వాడకండి. పోటీల్లోనూ అనుమతించరు.
- పెల్లెట్‌ను పూర్తిగా ఆపగల ట్రాప్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.
- పెల్లెట్లలో సీసం ఉంటుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. మధ్యలో ఏదీ తినకండి.

రైఫిల్ ఇంకా వారంటీలో ఉంటే మాన్యువల్ చూడండి. వేగం స్క్రూకు సీలు వేసి ఉంటే, అది విప్పడానికి మీకు అనుమతి ఉందో లేదో తయారీదారునే అడగడం మంచిది.

## 3. కావాల్సిన సామాను

- క్రోనోగ్రాఫ్: పెల్లెట్ వేగం కొలిచే పరికరం
- బెంచ్ వైస్, లేదా కదలని బెంచ్ రెస్ట్
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు
- సరైన కొలత అలెన్ కీలు, వీలైతే టార్క్ రెంచ్
- డిజిటల్ క్యాలిపర్
- కనీసం రెండు మూడు రకాల మ్యాచ్ పెల్లెట్లు, ఒక్కోటి ఒకే బ్యాచ్‌వి తగినన్ని
- పెన్ను, నోట్‌బుక్

చివరిది తేలిగ్గా తీసుకోకండి. స్క్రూ ఎక్కడి నుంచి ఎంత తిరిగిందో రాసుకోకపోతే వెనక్కి వచ్చే దారి ఉండదు.

## 4. రైఫిల్‌ను సిద్ధం చేయడం

ముందు బిగింపులు. యాక్షన్‌ను (ట్రిగ్గర్, వాల్వ్ ఉండే లోహ భాగం) స్టాక్‌కు (భుజాన ఆనించే భాగం) పట్టి ఉంచే స్క్రూలు, సైట్ల స్క్రూలు, బ్యారెల్ మీద బరువులుంటే వాటి స్క్రూలు అన్నీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. వదులు స్క్రూ ఒక్కటి ఉన్నా ఈ పరీక్ష మొత్తం వృథా.

తర్వాత బ్రీచ్ సీలు. పెల్లెట్ పెట్టి మూసే చోట చిన్న ఓ-రింగ్ ఉంటుంది. అది అరిగితే గాలి కొద్దికొద్దిగా వెనక్కి కారి, వేగం షాట్‌కో రకంగా మారుతుంది. పరీక్ష తేలిక: పలుచని టిష్యూ కాగితం ముక్కను బ్రీచ్ జాయింట్ మీద వేసి, ట్రాప్‌లోకి ఒక షాట్ కొట్టండి. కాగితం ఎగిరితే అక్కడ లీకు ఉన్నట్టే. కొత్త ఓ-రింగ్ వేసేదాకా ముందుకు వెళ్లకండి.

బ్యారెల్ శుభ్రత మూడోది. ఫెల్ట్ క్లీనింగ్ పెల్లెట్లతో లోపలి సీసం పొర తీయండి. శుభ్రం చేసిన వెంటనే కొట్టిన షాట్లు నమ్మదగినవి కావు. కనీసం 20 షాట్లు వృథాగా కొట్టి బ్యారెల్‌ను కుదుటపడనివ్వండి. పరీక్ష మధ్యలో మాత్రం శుభ్రం చేయకండి.

ఇక ఉష్ణోగ్రత. అప్పుడే నింపిన సిలిండర్ వేడిగా ఉంటుంది, చల్లారాక లోపలి ప్రెషర్ తగ్గుతుంది. రైఫిల్, సిలిండర్, పెల్లెట్లు మూడూ పరీక్ష జరిగే గదిలో అరగంటకు పైగా ఉండనివ్వండి.

## 5. క్రోనోగ్రాఫ్ సరిగ్గా పెట్టడం

లైట్ సెన్సర్ ఉండే రకమైతే మూతికి కొంచెం ఎడంగా, అర మీటరు నుంచి మీటరు లోపు పెట్టండి. మరీ దగ్గరైతే మూతి నుంచి వచ్చే గాలి విసురు సెన్సర్‌ను తికమక పెడుతుంది. దూరం ఎంతైనా ప్రతిసారీ ఒకటే ఉండాలి. అందుకే బల్ల మీద టేపుతో గుర్తు వేసుకోండి.

పెల్లెట్ రెండు సెన్సర్ల మీదుగా సూటిగా పోవాలి. ఏటవాలుగా పోతే అది నడిచే దారి పొడవై, వేగం తప్పుగా వస్తుంది.

ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీలు కంటికి తెలియకుండా మినుకుమంటాయి. అంకెలు అకారణంగా గెంతుతుంటే, లేదా కొన్ని షాట్లు అసలు నమోదు కాకపోతే ముందు లైటు మార్చి చూడండి.

మూతికి తగిలించే రకం క్రోనోగ్రాఫ్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని బరువు బ్యారెల్ కంపనాన్ని, రంధ్రాలు పడే చోటును మార్చేస్తుంది. దానితో వేగం కొలవండి, కానీ గ్రూపులు కొట్టేటప్పుడు తీసేయండి.

ఇంట్లో వాడే క్రోనోగ్రాఫ్‌లో అర శాతం పొరపాటు మామూలే. 170 మీద అర శాతమంటే 0.85 మీటర్లు. అందుకని వేరొకరి పరికరంలో వచ్చిన అంకెతో మీ అంకెను పోల్చకండి. మీ పరికరంలో ఈరోజు వచ్చినదాన్ని, మీ పరికరంలోనే రేపు వచ్చినదానితో పోల్చండి.

## 6. ఇప్పటి స్థితి రాసుకోవడం

ఏదీ మార్చకముందు ఇప్పుడున్నది ఉన్నట్టు కొలవాలి.

1. సిలిండర్ నింపి, చల్లారనిచ్చి, గేజ్ (ప్రెషర్ చూపే మీటరు) రీడింగు రాయండి.
2. మొదటి ఐదారు షాట్లు విడిగా రాయండి, సగటులో కలపకండి. రాత్రంతా ఊరికే ఉన్న రెగ్యులేటర్ మొదటి ఒకటి రెండు షాట్లకు తేడాగా ఉండొచ్చు.
3. తర్వాత 10 షాట్లు ఒకే లయలో, షాట్‌కూ షాట్‌కూ మధ్య ఒకే విరామంతో కొట్టండి.
4. సగటు, అతి ఎక్కువ, అతి తక్కువ రాసుకోండి.

ఒక ఊహాత్మక ఉదాహరణ: 170.1, 170.9, 169.6, 170.4, 171.0, 170.2, 169.9, 170.7, 170.3, 170.5. సగటు 170.4. ఎక్కువకూ తక్కువకూ తేడా 1.4 మీటర్లు. మొదటి భాగంలో చెప్పిన లెక్క ప్రకారం దీనివల్ల నిలువుగా పోయేది 0.3 మి.మీ. ఇలాంటి రైఫిల్‌లో వేగం నిలకడ గురించి టెన్షన్ పడాల్సిన పనే లేదు.

తేడా 3 మీటర్ల లోపు ఉంటే 10 మీటర్ల గురికి నేను దాన్ని మంచి స్థితిగానే లెక్కిస్తాను. 5 దాటితే ముందు ఆ లోపం సరిచేయాలి, సగటు వేగం సంగతి ఆ తర్వాత.

ఇంకొక పని, ఓపిక కావాలి కానీ చాలా ఉపయోగం. నిండు సిలిండర్ నుంచి మొదలుపెట్టి, ప్రతి పది షాట్ల సగటునూ గేజ్ రీడింగుతో కలిపి రాసుకుంటూ పోండి. రెగ్యులేటర్ బాగుంటే చాలాసేపు వేగం సమంగా సాగి, ఒకచోట పడటం మొదలవుతుంది. సిలిండర్ ప్రెషర్ రెగ్యులేటర్ సెట్టింగు కంటే దిగిందని దాని అర్థం. ఆ గేజ్ అంకెకు ఓ 20 బార్ పైన మీ గీత గీసుకోండి. పరీక్షలైనా పోటీలైనా అంతకంటే కిందికి వెళ్లకండి.

## 7. వేగం కంటే ముందు పెల్లెట్

రైఫిల్‌ను వైస్‌లో బిగించి, ప్రతి రకం పెల్లెట్‌తో పది షాట్ల గ్రూపులు కనీసం మూడు కొట్టండి. మ్యాచ్ పెల్లెట్లు తల వ్యాసం ప్రకారం 4.49, 4.50, 4.51 మి.మీ. లాంటి కొలతల్లో వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే బరువు అయినా తల కొలత మారితే గ్రూపు మారుతుంది. ఏ కొలత ఏ బ్యారెల్‌కు నప్పుతుందో ముందుగా చెప్పే మార్గం లేదు, కొట్టి చూడాల్సిందే.

బరువు కూడా చూడండి. అదే శక్తితో తోసినప్పుడు 0.01 గ్రాము ఎక్కువున్న పెల్లెట్ సుమారు 1.6 మీటర్లు నెమ్మదిగా పోతుంది. డబ్బాలోంచి 30 తీసి తూచండి. దాదాపు అన్నీ 0.01 తేడాలో ఉంటే అది మంచి డబ్బా. విడిగా దూరంగా ఉన్నవి సాధనకు పక్కన పెట్టేయండి.

బరువు కంటే నేను ఎక్కువ పట్టించుకునేది వెనుక అంచు, అదే స్కర్ట్. అది పలుచగా ఉంటుంది, డబ్బా కింద పడితే వంగిపోతుంది. వంగిన స్కర్ట్ గాలిని సమంగా పట్టదు, పెల్లెట్ మూతి దాటే క్షణంలోనే పక్కకు నెట్టుకుపోతుంది. పెల్లెట్లను డబ్బాలోంచి ఒంపి కాకుండా ఒక్కొక్కటిగా తీయండి. లోడ్ చేసేటప్పుడు అంచు చూడండి. బ్రీచ్‌లో ప్రతిసారీ ఒకే లోతుకు, వంకర లేకుండా కూర్చోవాలి.

గెలిచిన పెల్లెట్‌లో అదే బ్యాచ్ నంబరువి ఎక్కువగా తీసి పెట్టుకోండి. బ్యాచ్ మారితే ఈ దశ మళ్లీ చేయాలి.

## 8. వేగం మార్చడం

ఇప్పుడు స్క్రూ దగ్గరికి వచ్చాం.

లోపల జరిగేది క్లుప్తంగా ఇది. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ ముందుకు దూకి వాల్వ్‌ను కొడుతుంది. వాల్వ్ క్షణకాలం తెరుచుకుని, రెగ్యులేటర్ సిద్ధంగా ఉంచిన గాలి పెల్లెట్ వెనక్కి చేరుతుంది. కాబట్టి వేగం రెండిటి మీద ఆధారపడుతుంది: గాలి ప్రెషర్ ఎంత, వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంది. ప్రెషర్ రెగ్యులేటర్ చేతిలో ఉంటుంది, తెరిచి ఉండే సమయం హ్యామర్ స్ప్రింగ్ బిగువు చేతిలో ఉంటుంది.

మీ మోడల్‌లో బయటికి ఇచ్చిన వేగం స్క్రూ ఈ రెండిటిలో దేన్ని కదుపుతుందో మాన్యువల్ చూసి తేల్చుకోండి. రెగ్యులేటర్‌ను సొంతంగా విప్పి మార్చమని నేను ఎవరికీ చెప్పను. అది ప్రెషర్ గేజ్, సరైన పనిముట్లు ఉన్న టెక్నీషియన్ పని. ఇక్కడి నుంచి చెప్పేది హ్యామర్ స్ప్రింగ్ స్క్రూ గురించి.

8.1 స్క్రూ మొదటి స్థానం గుర్తించండి. సన్నని మార్కర్‌తో స్క్రూ మీదా, పక్కనా ఒకే గీత గీయండి. ఫొటో తీసుకోండి.

8.2 పరీక్షించే వేగాలు ముందే నిర్ణయించండి. ఉదాహరణకు 166, 168, 170, 172, 174. చట్టం, తయారీదారు చెప్పిన గరిష్ఠం ఈ జాబితాలో దాటకూడదు. రెండు మీటర్ల కంటే చిన్న మెట్లు వద్దు. క్రోనోగ్రాఫ్ పొరపాటులోనే అవి కలిసిపోతాయి.

8.3 తక్కువ నుంచి ఎక్కువకు వెళ్లండి. ముందు స్క్రూ కొంచెం వదులు చేసి మీ అతి తక్కువ వేగానికి రండి. అక్కడి నుంచి ఎప్పుడూ బిగించే దిశలోనే ఆగండి. మరలో ఉండే సందు వల్ల, వదులు చేస్తూ ఆగిన చోటు నిలవకపోవచ్చు. ఎక్కువ బిగిస్తే కాస్త వెనక్కి తిప్పి, మళ్లీ బిగిస్తూ రండి.

8.4 చిన్న చిన్న తిప్పులు. ఒక్కసారికి చుట్టులో ఎనిమిదో వంతు, చాలు. తిప్పిన ప్రతిసారీ అయిదు షాట్లు వదిలేసి, తర్వాత పది కొలవండి. స్ప్రింగ్, హ్యామర్ కొత్త చోట కుదురుకోవడానికి ఆ అయిదు షాట్లు కావాలి.

8.5 వేగం ఎలా పెరుగుతోందో గమనించండి. ఈ మార్గదర్శిలో నిదానంగా చదవాల్సిన చోటు ఇదే. స్క్రూ బిగిస్తూ పోతే మొదట వేగం చకచకా పెరుగుతుంది. తర్వాత అదే ఎనిమిదో వంతుకు పెరుగుదల తగ్గుతుంది. చివరికి ఎంత బిగించినా వేగం పెరగదు, గాలి ఖర్చు, చప్పుడు మాత్రమే పెరుగుతాయి. వాల్వ్ అవసరానికి మించి తెరిచి ఉంటోందన్నమాట.

నిలకడకు మంచి చోటు ఆ గరిష్ఠానికి కొద్దిగా కింద, మూడు నుంచి అయిదు శాతం తక్కువలో ఉంటుంది. అక్కడ రెగ్యులేటర్ ప్రెషర్ కాస్త పెరిగితే వాల్వ్ తెరుచుకోవడం కష్టమై తక్కువసేపు తెరిచి ఉంటుంది. ప్రెషర్ తగ్గితే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఒకదాన్నొకటి సర్దుకుని వేగం దాదాపు మారదు. గరిష్ఠం మీదే కూర్చుంటే ఈ సర్దుబాటు పోతుంది, ప్రెషర్‌లో వచ్చిన ప్రతి తేడా వేగంలో కనిపిస్తుంది. మరీ కిందికి వెళితే హ్యామర్ దెబ్బలో వచ్చే చిన్న తేడాలన్నీ వేగంలోకి వస్తాయి.

మీకు కావాల్సిన వేగం ఆ గరిష్ఠానికి చాలా కింద పడుతుంటే, రెగ్యులేటర్ ప్రెషర్ ఆ వేగానికి ఎక్కువగా ఉన్నట్టు. దాన్ని తగ్గించమని టెక్నీషియన్‌ను అడగండి. కావాల్సిన వేగం అసలు రాకపోతే ప్రెషర్ తక్కువైనా ఉండాలి, లీకైనా ఉండాలి. ఆ స్థితిలో స్క్రూను చివరిదాకా బిగించడం పరిష్కారం కాదు.

గరిష్ఠం వెతికే తొందరలో చట్టపరమైన హద్దు దాటకండి. హద్దు ముందే వస్తే అక్కడే ఆగిపోవాలి.

8.6 ప్రతి వేగం దగ్గర గ్రూపులు కొట్టండి. వైస్‌లో పెట్టి, పది షాట్ల గ్రూపులు మూడు. ఒక్కో గ్రూపు కాగితం మీద వేగం, గేజ్ రీడింగు, షాట్ల వరుస రాయండి.

8.7 మొదటి వేగానికి తిరిగి రండి. అన్నీ అయ్యాక మొదట పరీక్షించిన వేగం మళ్లీ పెట్టి ఇంకో రెండు గ్రూపులు కొట్టండి. అవి మొదటివాటిలాగే వస్తే మీ పరీక్ష నమ్మవచ్చు. తేడాగా వస్తే మధ్యలో ఇంకేదో మారింది: ఉష్ణోగ్రత, బ్యారెల్‌లో సీసం, వైస్ పట్టు. కారణం తెలిసేదాకా ఏ అంకెనూ ఎంచుకోకండి.

## 9. గ్రూపుల్ని చూసి తేల్చుకోవడం

క్యాలిపర్‌తో గ్రూపు బయటి అంచు నుంచి బయటి అంచుకు అతి పెద్ద కొలత తీసుకుని, 4.5 మి.మీ. తీసేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం వస్తుంది. నిలువు కొలత, అడ్డం కొలత విడివిడిగా కూడా రాయండి.

మూడు గ్రూపుల్లో ఉత్తమమైనదాన్ని చూసి మురిసిపోకండి. మూడింటి సగటు చూడండి. అయిదు షాట్ల గ్రూపు ఒక్కటి చిన్నగా రావడం అదృష్టం కూడా కావచ్చు. పది షాట్లవి మూడు వరుసగా చిన్నగా వస్తే అది రైఫిల్ గుణం.

రెండు వేగాల సగటు గ్రూపుల మధ్య తేడా 0.2 మి.మీ. లోపే ఉంటే ఆ రెండూ సమానమే అనుకోండి. అప్పుడు వేగం తేడా తక్కువ ఉన్నదాన్ని, అదీ సమానమైతే తక్కువ వేగం ఉన్నదాన్ని ఎంచుకోమంటాను. గాలి ఆదా అవుతుంది, రైఫిల్ కదలిక తగ్గుతుంది, సీళ్ల మీద భారం తగ్గుతుంది. ఎక్కువ వేగం వల్ల పెల్లెట్ బ్యారెల్‌లోంచి ముందే బయటపడుతుందన్న వాదన నిజమే. కానీ ఈ పరిధిలో ఆ తేడా మిల్లీసెకనులో చిన్న భాగం. ఫాలో త్రూ (షాట్ పేలాక కూడా కదలకుండా గురి నిలిపి ఉంచడం) నిలబెట్టుకునే షూటర్‌కు అది లెక్కలోది కాదు.

ఒక్క వేగం దగ్గర మాత్రమే గ్రూపు బాగుండి, దానికి అటూ ఇటూ రెండు మీటర్లలో పాడైపోతుంటే ఆ చోటును నమ్మకండి. గది ఉష్ణోగ్రత మారగానే జారిపోతుంది. పక్కపక్కన రెండు మూడు వేగాల్లో గ్రూపులు బాగున్న చోట, మధ్య వేగం ఎంచుకోండి.

## 10. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

సెషన్‌లో మొదటి షాట్ మాత్రం తేడాగా వస్తోంది. రెగ్యులేటర్ సీటు నుంచి గాలి నెమ్మదిగా లోపలికి కారి ప్రెషర్ పెరుగుతోంది. రెండు షాట్లు ట్రాప్‌లోకి వదిలి మొదలుపెట్టండి. షాట్‌కూ షాట్‌కూ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగినా తేడా వస్తుంటే రెగ్యులేటర్‌ను సర్వీసుకు పంపాలి. మ్యాచ్‌లో అలా ఆగాల్సిన షాట్లు తప్పకుండా వస్తాయి.

వేగం సెషన్ అంతా నెమ్మదిగా దిగుతోంది. గేజ్ చూడండి. మీరు గీసుకున్న గీత కంటే కింద ఉంటే సిలిండర్ మార్చండి. ప్రెషర్ బాగుండి కూడా దిగుతుంటే హ్యామర్ స్ప్రింగ్ స్క్రూ వదులవుతోందేమో మీ మార్కర్ గీతతో సరిపోల్చండి.

వేగం ఇష్టం వచ్చినట్టు గెంతుతోంది. ముందు క్రోనోగ్రాఫ్ లైటింగ్, తర్వాత బ్రీచ్ సీలు, ఆ తర్వాత పెల్లెట్ కూర్చునే లోతు. ఈ మూడూ సరే అయితేనే వాల్వ్, హ్యామర్ వైపు అనుమానం తిప్పండి. హ్యామర్ దారిలో ఎండిన గ్రీజు ఉన్నా ఇలాగే అవుతుంది.

వేగం నిలకడగా ఉంది, గ్రూపు మాత్రం పెద్దది. ఇది వేగం సమస్య కాదు. పెల్లెట్, బ్యారెల్ మూతి దగ్గర నలిగిన అంచు, వదులు స్క్రూలు చూడండి. మూతికి తగిలించిన గొట్టం లోపలి అంచును పెల్లెట్ రాసుకుంటోందేమో, అక్కడ సీసం గీత ఉందేమో చూడండి.

వైస్‌లో బాగుంది, భుజాన పెట్టుకుంటే లేదు. రైఫిల్‌ను వదిలేయండి. ఇక పని పొజిషన్ మీద, ట్రిగ్గర్ మీద చేయాలి. ఈ స్థితిలో మళ్లీ స్క్రూ తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

## 11. వేరే రకం రైఫిల్ ఉన్నవాళ్లకు

రెగ్యులేటర్ లేని కంప్రెస్డ్ ఎయిర్ రైఫిల్‌లో వేగం ఒక గుట్టలా ఎక్కి దిగుతుంది. నిండు ప్రెషర్ దగ్గర వాల్వ్ సరిగా తెరుచుకోక వేగం తక్కువ, మధ్యలో ఎక్కువ, చివర్లో మళ్లీ తక్కువ. ఒక సిలిండర్ మొత్తం కొలిచి, వేగం తేడా మీకు సమ్మతమైన భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించండి. ఆ పై ప్రెషర్ దాకానే నింపండి, ఆ కింది ప్రెషర్ దగ్గర ఆపేయండి. స్క్రూ తిప్పకుండానే వచ్చే లాభం ఇది.

స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్‌కు బయట వేగం స్క్రూ ఉండదు. వేగం పడిపోయిందంటే పిస్టన్ సీలు, బ్రీచ్ సీలు, అలసిన స్ప్రింగు కారణం. లోపలికి నూనె ఎక్కువైతే అది మండి వేగం పిచ్చిగా పెరుగుతుంది, పొగ, ఘాటు వాసన వస్తాయి. స్ప్రింగు చాలా బిగువు మీద ఉంటుంది కాబట్టి సరైన కంప్రెసర్ సాధనం లేకుండా విప్పితే గాయాలవుతాయి. ఈ రకంలో గురి ఎక్కువగా పట్టు మీద ఆధారపడుతుంది: వదులుగా, ప్రతిసారీ ఒకేచోట ఆనించి పట్టుకోవాలి.

10 మీటర్లు దాటి 25, 50 మీటర్లకు కొట్టేవాళ్లు చదును తల పెల్లెట్ వదిలి గుండ్రని తల ఉన్నది వాడాలి. చదును తలది ఆ దూరాల్లో వేగం త్వరగా కోల్పోయి దారి తప్పుతుంది.

## 12. ఎంచుకున్న వేగాన్ని నిలబెట్టడం

స్క్రూకు లాక్ ఉంటే బిగించండి. బిగించాక మళ్లీ పది షాట్లు కొలవండి, ఎందుకంటే లాక్ బిగింపే కొన్నిసార్లు స్క్రూను కాస్త తిప్పుతుంది. కొత్త గీత గీసి, పాతది చెరిపేయండి.

తర్వాత సైట్లు. వేగం 170 నుంచి 174కి వెళితే రంధ్రాలు సుమారు 0.8 మి.మీ. పైకి జరుగుతాయి. బ్యారెల్ కంపనం మారడం వల్ల కాస్త పక్కకు కూడా జరగొచ్చు. భుజం మీద, మీ మామూలు పొజిషన్‌లో సైట్లు సరిచేయండి. వైస్‌లో చేసిన జీరో (సైట్ల సర్దుబాటు) పనికిరాదు.

నోట్‌బుక్‌లో ఒక పేజీకి ఇవన్నీ చేర్చండి:

- తేదీ, గది ఉష్ణోగ్రత
- పెల్లెట్ పేరు, తల వ్యాసం, బ్యాచ్ నంబరు
- సగటు వేగం, ఎక్కువకూ తక్కువకూ తేడా
- సిలిండర్ పై గీత, కింది గీత
- స్క్రూ మొదటి స్థానం నుంచి ఎన్ని వంతులు తిరిగింది
- మూడు గ్రూపుల సగటు, నిలువు, అడ్డం విడిగా
- సైటు క్లిక్కులు

నెలకోసారి, పెద్ద పోటీకి వారం ముందు, పెల్లెట్ బ్యాచ్ మారినప్పుడు, సీలు మార్చినప్పుడు పది షాట్లు కొలిచి ఈ పేజీతో పోల్చండి. సగటులో తేడా రెండు మీటర్ల లోపు ఉంటే ఏమీ ముట్టుకోకండి. రెండు దాటితే నాలుగో దశ నుంచి మొదలుపెట్టండి. పోటీకి ముందు రోజు రాత్రి మాత్రం ఏ స్క్రూనూ తిప్పకండి.